మీతో కలిపేనా?

బావగారు మనుషుల్ని పలకరించరు, లెక్కపెడతారు. "బాగున్నారా" అనాల్సిన చోట "మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు?" అంటారు. ఎదుటివాడు అంకె చెప్పీచెప్పగానే రెండో ప్రశ్న సిద్ధం: "మీతో కలిపేనా?"

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఊళ్లోని నలభై రెండు ఫ్యాక్టరీల్లో ఎంతమంది పనిలో ఉన్నారో నెలనెలా రాబట్టి, కూడి, పైకి పంపడం గణాంకాల ఆఫీసులో ఆయన పని. ఆ మొత్తం పెరిగితే వ్యాపారాలు కోలుకుంటున్నట్టు, తగ్గితే నీరసిస్తున్నట్టు. మేనేజర్లు ఫోన్లో చెప్పేది ఆయన సగమే నమ్ముతారు. మిగతా సగం కోసం షిఫ్టు మారే వేళకి గేటు ఎదురుగా గొడుగేసుకుని నిలబడి, వచ్చేపోయే తలల్ని స్వయంగా లెక్కపెట్టుకుంటారు.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగితే బాగుండేది. ఒకసారి బావమరిదిని వెంటబెట్టుకుని క్షవరానికి వెళ్లారు. షాపులో రెండు కుర్చీలున్నాయి, పనివాడు ఒక్కడే.

"పోయిన నెల ఇద్దరుండేవారు. ఇంకొకతన్ని తీసేశారా?"

"బాత్రూముకెళ్లాడండీ."

"అయితే పనిలో ఉన్నట్టే. ఇద్దరు. మీతో కలిపేనా?"

కత్తి అప్పటికే బావగారి మెడ మీద ఉంది. బావమరిది కళ్లు మూసుకున్నాడు.

అక్క ఒకరోజు విసుక్కుంది. "ఊళ్లో అందర్నీ లెక్కపెడతారు. ఈ ఇంట్లో ఎంతమంది పనిచేస్తున్నారో ఎప్పుడైనా చూశారా?"

"చూడకపోవడమేంటి. ఒక్కరే. ఇరవై ఏళ్లుగా పెరుగుదలా లేదు, తగ్గుదలా లేదు."

"మీతో కలిపేనా?"

బావగారు తన కంచం తానే కడుక్కోవడం బావమరిది చూసింది ఆ ఒక్కరోజే.

అలాంటి మనిషి దగ్గర బావమరిది ఒక సంగతి దాచబోయాడు. అదీ అతని తెలివి. అతను పనిచేసే మేజోళ్ల ఫ్యాక్టరీ ఇరవై ఆరుమందిని ఇంటికి పంపేసింది. అందులో అతనూ ఒకడు. భార్యతో చెప్పడానికి నోరు రాలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, లైబ్రరీలో కూర్చుని, సాయంత్రం అలసిపోయిన మొహం ఒకటి తగిలించుకుని తిరిగొచ్చేవాడు. అలా మూడు వారాలు నెట్టుకొచ్చాడు.

ఆదివారం అక్కా బావా భోజనానికొచ్చారు. బావగారు వస్తూనే పంపు బాగుచేస్తున్న ప్లంబర్ని అడిగారు. గోడ మీంచి పక్కింటి టైలర్ని అడిగారు. ఇక మిగిలింది తనే. భార్య ఎదురుగా వడ్డిస్తోంది. బావగారు ఇటు తిరిగారు.

"ఏరా, కాళ్లనొప్పులేమైనా ఉన్నాయా?"

"లేవు బావా."

"వస్తాయి. ఈ వయసులో నడక మంచిది."

వెళ్లేటప్పుడు వీధి మలుపు దాకా తోడు రమ్మన్నారు.

"రేపు పొద్దున పధ్నాలుగో నంబరు బస్సెక్కు. చివరి స్టాపులో దిగి, నీలం గేటు దాకా నడు. సంచిలో సర్టిఫికెట్లు వేసుకో."

"నడకకి సర్టిఫికెట్లెందుకు బావా?"

"గాలికి సంచి ఎగిరిపోకుండా."

"అసలు అక్కడేముంది?"

"చెప్పకూడదు. ఒక ఫ్యాక్టరీ లెక్క బయటివాళ్లకి చెబితే నా ఉద్యోగం ఊడుతుంది. మొత్తంలో ఇంకొకటి తగ్గుతుంది. నడక మంచిదని చెప్పొద్దని మాత్రం ఏ రూల్లోనూ లేదు."

నీలం గేటు వెనక అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. గేటు ముందు సంచులతో ఎనిమిదిమంది, అందరూ మేజోళ్ల ఫ్యాక్టరీ వాళ్లే.

"నువ్వేంట్రా ఇక్కడ?" అన్నాడు బావమరిది ముందున్నవాడితో.

"ఎవరో గొడుగు పెద్దాయన ఇంటికొచ్చాడు. మోకాళ్లకి నడక మంచిదన్నాడు."

"నాకు బీపీకన్నాడు."

"నాకు నిద్ర పట్టడానికట."

ఆ గొడుగు కింద నిలబడి బావగారు ఇన్నాళ్లూ వెతుకుతున్నది రావడం మానేసినవాళ్లనని బావమరిదికి అప్పుడు తెలిసింది.

లోపల కొత్త షిఫ్టు మొదలవుతోంది. తొమ్మిదిమందినీ తీసుకున్నారు. సాయంత్రమే భార్యకి ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ రెండు రోజులు ఉత్త పెరుగన్నం కట్టింది. మూడో రోజు డబ్బాలో రెండు కూరలు పెట్టింది.

నెల తిరిగాక బావగారు మళ్లీ భోజనానికొచ్చారు. గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"ఏరా, మీ దగ్గర ఎంతమంది?"

"తొంభై ఏడు, బావా."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత మీద వేలుంచి ఆగారు.

"నీతో కలిపేనా?"

"నాతో కలిపే."

అప్పుడు మూత తీసి రాసుకున్నారు.