ఉతికిన పరదా

తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు ఇరవై నాలుగేళ్లున్న ఆ రోజుల్లో, బట్ట గురించి మా పోచంపల్లి వాళ్లకు తెలిసినంత లోకంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. (ఆ నమ్మకం మా ఊళ్లో అందరికీ ఉంది గానీ, దాన్ని జపాన్ దాకా మోసుకుపోయింది నేనే.) నేత పని చూపించడానికి చిన్నాయననూ నన్నూ అక్కడి ఒక చిన్న ఊరికి పది రోజులు పంపారు. మా బసకు ఎదురుగా ముసలి దంపతుల రామెన్ హోటల్ ఉండేది. ఆరుగురు కూర్చుంటే నిండిపోతుంది. తాత పొద్దుటి నుంచి కోడి బొక్కల చారు కాసేవాడు. అవ్వ పెద్ద గిన్నెలో నూడుల్స్ వేసి, ఆ చారు పోసి, పైన కోసిన గుడ్డు పెట్టి ఇచ్చేది. మొదటి రోజు చెంచా బదులు ఇచ్చిన రెండు పుల్లలతో గుడ్డు వెంటపడి బల్లంతా తిరిగాను. అవ్వ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయి చెంచా తెచ్చింది. చిన్నాయన మాత్రం జుర్రుమని లాగేవాడు. ఇంట్లో ఆ చప్పుడు చేస్తే చిన్నమ్మ ఊరుకోదు, ఇక్కడేమో తాత మురిసిపోయి ఇంకాస్త చారు పోసేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, గుమ్మానికి వేలాడే నీలి పరదా నా ప్రాణం తీసేది. మనలాగే నూలును అక్కడక్కడ దారంతో బిగించి చిటికి కట్టి, రంగులో ముంచి నేసిన బట్ట. కట్టిన చోట తెల్లపూలు రావాలి. ఆ పూలన్నీ జిడ్డుతో నల్లబడ్డాయి. తిన్నవాళ్లు పోతూ పోతూ చేతులు దానికే తుడిచేవాళ్లు. చూస్తుంటే ఒళ్లు మండేది.

హోటల్ సెలవు రోజున ఇద్దరూ బజారుకు పోయారు. పరదా పక్క సందులో వెదురుకట్టెకు తగిలించి ఉంది.

"మనది గాని బట్ట ముట్టకురా," అన్నాడు చిన్నాయన.

"నువ్వు ఊకో చిన్నాయన. ముసలోళ్లు, చేతనైతలేదు. జర సాయం చేస్తే ఏమైతది?"

గంటసేపు సబ్బు పెట్టి రుద్దాను. పూలు మల్లెల్లా తేలాయి. గుమ్మానికి కట్టి, మెప్పు కోసం పక్కనే నిలబడ్డాను. తాత వచ్చి, అంచు పట్టుకుని వేళ్లతో తడిమాడు. అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. (సంతోషమనే అనుకున్నాను.) వాళ్ల మాటలు మాకు చెప్పడానికి హైదరాబాదు నుంచి మా వెంట వచ్చిన అమ్మాయి (నేను చెల్లె అని పిలిచేవాణ్ణి) పరుగెత్తుకొచ్చింది.

"ఎంత పని చేసినవ్ అన్నా! గది ఆయన నాయిన కట్టిన పరదా. తిన్నోళ్లు చేతులు తుడుస్తె వీళ్లకు గౌరవం. ఎంత మాసితె గంత పేరు. నలభై ఏండ్ల సంది నీళ్లు తగలనియ్యలే."

తాత తిట్టలేదు. నడుము వంచి నాకే దండం పెట్టాడు. మర్నాడు, మా చివరి భోజనంలో, నా గిన్నెలో రెండు గుడ్లు వేశాడు. తిట్టినా బాగుండేది. తప్పయిందని చెప్పడానికి వాళ్ల భాష అక్కర్లేదు, చేతులు జోడిస్తే చాలు. సిగ్గుతో అది కూడా చెయ్యకుండా తల దించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి మా బాపుకు చెప్పాను. నెల తిరక్కుండా అదే నీలిరంగులో కొత్త పరదా నేసి పంపించాడు. కొన్నాళ్లకు అక్కడి నుంచి ఫోటో వచ్చింది. బాపు నేసిన పరదాను అద్దాల చట్రంలో పెట్టి గోడకు వేలాడదీశారు. గుమ్మానికి నేను ఉతికిందే ఉంది, పూలు ఇంకా తెల్లగానే.

బాపు ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు. "అద్దంల పెట్టిన్రేందిరా? చేతులు తుడుసుకోనీకె గదా నేసిన."

ఇప్పుడు అన్నం తిని లేచాక మా ఇంటి పరదాకే చేతులు తుడుచుకుంటాను. "నేసేటోళ్ల ఇంట్ల పుట్టి గిదేం బుద్ధి?" అని మా ఆవిడ రోజూ తిడుతుంది. తిట్టనీ. అక్కడ తినాల్సిన తిట్లే అవి.