నలభై దాటాక నా బ్యాటింగు

ఎడారి దేశంలో, సల్మాబాద్ కంపెనీ క్యాంపులో ఉన్నన్నాళ్లూ శుక్రవారం సెలవు వచ్చిందంటే నాకు పండుగే. గ్యారేజీల వెనక ఇసుకనేల చదును చేసుకుని క్రికెట్ ఆడేవాళ్లం. టెన్నిస్ బంతికి నల్లటేపు చుడితే రాయిలా దూసుకొచ్చేది. మొదటి బ్యాటింగు ఎప్పుడూ నాదే. నేను బాదిన బంతి రేకుల షెడ్డు మీద ధన్‌మని పడితే క్యాంపంతా ఈలలు.

ఎనభైల నడుమ, నాకు నలభై దాటిన చలికాలంలో, ఆ ఈలలు ఆగిపోయాయి. బంతి కనబడుతూనే ఉండేది. ఎక్కడ పడుతుందో తెలుస్తూనే ఉండేది. బ్యాటు దిగేసరికి మాత్రం వెనక వికెట్లు ఎగిరిపోయేవి. మా కెప్టెన్, మలయాళీ ఫోర్‌మన్, చూసి చూసి నన్ను ఏడో నంబరుకు దింపాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడు కంపెనీ బస్సు డ్రైవరు. "ఏందన్నా, కండ్లు మసకబారినయా?" అనడిగాడు.

"కండ్లు మంచిగనే ఉన్నయిరా. చెయ్యే ఆలస్యంగ లేస్తంది."

"అయితే ముందుగాలనే లేపి పెట్టుకో!"

వాడు నవ్వులాటకే అన్నాడు. నేను మర్నాడే డ్యూటీ దిగి వాడితో బంతులు వేయించుకున్నాను. బ్యాటు ముందే ఎత్తి నిలబడడం, ఊపు తగ్గించడం, వచ్చిన బంతిని వచ్చిన వేగంతోనే పక్కకు జరపడం. బాదే అలవాటు మానడం బీడీ మానడం కన్నా కష్టమైంది.

ఆ చలికాలం క్యాంపుల పోటీలో ఫైనల్ మామీర్ క్యాంపు జట్టుతో, వాళ్ల మైదానంలోనే. చివరి ఓవరు, తొమ్మిది పరుగులు కావాలి, బ్యాటు నా చేతిలో. బంతి వేసేవాడు పాకిస్తానీ కుర్రాడు, గుర్రంలా పరిగెత్తుకొస్తాడు. మొదటి బంతి నా చెవి పక్కనుంచి జుయ్‌మంది.

"చాచా, సంభాల్‌కే!" జాగ్రత్తంటూ నవ్వాడు.

రెండోదానికి బ్యాటు అడ్డం పెట్టి కాస్త తిప్పానంతే. కీపర్ పక్కనుంచి సర్రున పోయి హద్దు దాటింది. ఫోర్! తర్వాతి బంతికి రెండు పరుగులు, ఊపిరాడకుండా ఉరికాను.

మూడు కావాలి. "బాదన్నా, బాదు!" అని మావాళ్ల అరుపులు. కుర్రాడు నా ఎడమవైపున్న మనిషిని పిలిచి కీపర్ పక్కన నిలబెట్టాడు. ఆ ఖాళీ చూడగానే నాకు నవ్వాగలేదు. ఈసారి బంతి కాళ్ల మీదికొచ్చింది. చేతులు బాదమంటున్నాయి. ఆపుకున్నాను, మణికట్టు ఒక్కటే తిప్పాను. ఖాళీలోంచి బంతి దొర్లుతూ, దొర్లుతూ హద్దు దాటింది!

మావాళ్లు నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ కుర్రాడు వచ్చి గట్టిగా కౌగిలించుకుని, నా బంతి వేగంతో నన్నే కొట్టావు చాచా, అన్నాడు హిందీలో. కెప్టెన్ మళ్లీ మొదటే దిగమన్నాడు. వద్దు భాయ్, అక్కడ కుర్రాళ్లనే దింపు, అన్నాను. ఇంకో రెండు చలికాలాలు అట్లాగే, ఏడో నంబరులోనే ఆడాను.

ఫైనల్ గెలిచిన ఆ సాయంత్రం బస్సులో నా అరచేతులు ఇంకా జుమ్మంటూనే ఉన్నాయి. జగిత్యాల తమ్ముడు సల్మాబాద్ దాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.