మనిల్లే అనుకోవాలా?

ఇంటివాళ్ళు లేవకముందే కూతురి పెదవుల మీద వేలు పెట్టి లేపడం గుండీలమ్మకు పద్నాలుగు నెలల అలవాటు. మొహాలు కడుక్కోవడం, నీళ్ళు పట్టుకోవడం, పక్క చుట్టి మూలన పెట్టడం, అన్నీ పరాయివాళ్ళ నిద్ర చెడకుండా జరిగిపోయేవి. ఇప్పుడా అవసరం లేదు. ఇస్త్రీ కొట్టు వెనక చిన్న గది అద్దెకు దొరికి మూడు వారాలైంది.

భర్త గోడలకు రంగులేసేవాడు. పరంజా మీంచి పడి చనిపోయాడు. నెల తిరక్కుండానే ఉన్న గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. చొక్కాలకు గుండీలు కుట్టే సంపాదనతో ఇంకో గది అందక, ఆడబిడ్డ ఇంట్లో, పిన్ని ఇంట్లో, చివరికి తోటి కుట్టుపనామె వరండాలో, మొత్తం ఏడు చోట్ల తలదాచుకుంది. మొదటిరోజు అందరిదీ ఒకటే మాట, "మీ ఇల్లే అనుకోండి" అని. పిల్లను మాత్రం అందరూ మెచ్చుకునేవారు. ఉందో లేదో తెలియదు, పిల్లికైనా కాస్త చప్పుడుంటుంది అనేవారు. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

మొన్న పంతులమ్మ పిలిపించేదాకా అలాగే ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల, పుస్తకం తెరిస్తే పెదవులు కదులుతాయట, గొంతు రాదట. రాతలో అందరికంటే ముందేనట. కానీ సోమవారం తరగతిలో పైకి చదవకపోతే కింది తరగతికి పంపక తప్పదని, ఇంట్లో చదివించమని చెప్పింది.

ఆ సాయంత్రం చదవమంటే పిల్ల ముందు లేచి వెళ్ళి తలుపేసింది. తర్వాత గుసగుసగా మొదలుపెట్టింది.

"కాస్త గట్టిగా చదువమ్మా."

"వాళ్ళు తిడతారు."

"ఎవరు?"

పిల్లకు పేరేదీ తట్టలేదు. గోడవైపు చూసింది.

"ఎవరూ తిట్టరే. ఇది మనిల్లే."

"మనిల్లే అనుకోవాలా, నిజంగా మనిల్లా?"

గుండీ కుడుతున్న తల్లి సూది ఆగిపోయింది. అవునని ఒక్కమాట అనేస్తే సరిపోయేది. కానీ అలాంటి మాటలు ఏడిళ్ళలో విన్న పిల్ల.

"అద్దిల్లే తల్లీ. ఎన్నాళ్ళుంటామో నాకూ తెలీదు. కానీ ఇన్నాళ్ళూ నీ నోరు మూయించింది వాళ్ళు కాదు, నేనే."

పిల్ల పెదవులు మళ్ళీ బిగుసుకున్నాయి. ఏం చెయ్యాలో తోచక గుండీలమ్మే పుస్తకం తీసుకుంది. ఆమె చదువు రెండో తరగతితో సరి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వీధికి వినబడేలా చదివింది.

"ఆకాశంలో... మేకలు... ఉరిమాయి."

గోడ అవతల ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది. పిల్ల బిక్కచచ్చిపోయింది.

"అక్కా," అన్నాడు ఇస్త్రీ ఆయన గోడ అవతలినుంచి, తాపీగా. "మేకలు ఉరిమితే కురిసేది వానా, పాలా?"

పిల్ల ముందు తల్లిని చూసింది, తర్వాత గోడను. ఇక ఉండబట్టలేకపోయింది.

"మేకలు కాదు, మేఘాలు!"

పొడిబారిన గొంతు, మధ్యలో చీలింది. అయినా గోడ దాటింది. పుస్తకం లాక్కుంటూ అక్కడున్న నీళ్ళ చెంబును మోకాలితో తన్నేసింది. చూసుకోనేలేదు. ఎలా చదవాలో తల్లికి నేర్పే హడావిడిలో ఉంది. మేఘాలు ఉరిమాయి, గాలి లేచింది, పక్షులు గూళ్ళు చేరాయి.

నీళ్ళు గచ్చంతా పరుచుకుని చాప అంచుదాకా వచ్చాయి. తుడిచే గుడ్డ చెయ్యి చాపితే అందుతుంది. కదిలితే పిల్ల చూస్తుంది, చూస్తే ఆగిపోతుంది. గుండీలమ్మ కూర్చున్న చోటే తడుస్తూ, నీళ్ళను వాటి దారిన పోనిచ్చింది.