బూటు విప్పి కూర్చునే కుచేరా

మా ఊళ్ళో లాడిమిర్ కుచేరా చేత కారు బాగుచేయించుకోవాలంటే ముందు ఆయన్ని షికారు తిప్పాలి. స్టీరింగ్ వణుకుతోందని ఎవరు వచ్చినా ఆయన బానెట్ ఎత్తడు, చక్రం ముట్టుకోడు. తిన్నగా వెళ్ళి పక్కసీటులో కూర్చుంటాడు. ఎడమకాలి బూటు విప్పి ఒళ్ళో పెట్టుకుంటాడు. మేజోడు కాలు కారు నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని, "ఊఁ, పోనీ" అంటాడు.

నెబ్రాస్కాలో మాది గోధుమ చేల మధ్య ఊరు. ఆయన షెడ్డులో ఫోనెత్తడం, వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టడం నా ఉద్యోగం. కూర్చోబెట్టే పనే ఎక్కువగా ఉండేది. కుచేరా ఎప్పుడు చూసినా ఎవరి కార్లోనో ఉండేవాడు.

"నువ్వే నడిపి చూసుకోవచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"నా చేతుల్లో అది బుద్ధిగా ఉంటుంది బ్లాంచీ. వాళ్ళ చేతుల్లోనే వేషాలేస్తుంది."

"మరి బూటెందుకు విప్పడం?"

"బూటు అబద్ధాలు చెబుతుంది."

ఆయన శాస్త్రమంతా చిన్నదే. వణుకు చేతుల్లోకి వస్తే ముందు చక్రాలు. కూర్చున్నచోట తెలిస్తే వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వస్తే బ్రేకు పళ్ళేలు వంకరపోయినట్టు. చాలాసార్లు చక్రం అంచుకు చిన్న సీసపు ముక్క తగిలిస్తే బరువు సరిపడి వణుకు పోయేది. ఈ కాస్త తేల్చడానికి ఆయనకు సగం పూట పట్టేది. ఎందుకంటే పరీక్ష ఏ దిక్కున మొదలైనా ఆయన వదిన అడేలా ఇంటి మీదుగానే సాగాలి. ఆవిడ గసగసాలు పెట్టి కొలాచీలనే తీపి రొట్టెలు కాల్చేది.

"ఇక్కడ కాస్త ఆపు. ఇంజను చల్లారాలి" అనేవాడు.

ఇంజను ఎప్పుడూ పొయ్యిలోంచి కొలాచీలు దిగే వేళకే వేడెక్కేది. ఆయన మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు. "ఊళ్ళో నీ బొటనవేలు చూడనివాళ్ళు లేరు, ఇక చర్చి గోడకు దాని ఫొటో తగిలించడమే తరువాయి" అని ఆయన భార్య లిబీ సాధించేది.

శ్మశానానికి శవాలను చేర్చే ఆల్విన్ ట్రెస్కా ఒకరోజు తన పొడుగాటి నల్లబండి తెచ్చాడు.

"వేగం అరవై మైళ్ళు దాటితే వణుకుతోంది లాడీ. అదీ లోపల పెట్టె ఉంటేనే."

"అయితే పెట్టె ఉన్నప్పుడు పిలువు."

ఆ వారమే ముసలి యార్కా పోయాడు. ఊరేగింపు ముందు నల్లబండి, పక్కసీటులో నల్లకోటు తొడుక్కుని, బూటు ఒళ్ళో పెట్టుకుని కుచేరా. ఊరు దాటగానే, "ఆల్విన్, కాస్త తొక్కు" అన్నాడు.

"వెనక జనం వస్తున్నారయ్యా."

"వాళ్ళకీ కార్లున్నాయిగా, తొక్కుతారులే."

ఆల్విన్ తొక్కాడు. పాదిరిగారు తొక్కారు. కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ శ్మశానంలోకి దూసుకెళ్ళాయి. వెనక చక్రం లోపలి అంచున పిడచకట్టిన మట్టి ఉందని కుచేరా అక్కడే తేల్చి, స్క్రూడ్రైవరుతో గీకి పారేశాడు. అందరూ భయపడుతూ యార్కా భార్య వైపు చూశారు.

"ఆయన బతికున్నంతకాలం ఎక్కడికీ వేళకు చేరలేదు. పోనీలే, ఇవాళైనా ముందొచ్చాడు" అందావిడ.

ఆ ఏడు చలికాలంలోనే మా బడిబస్సు మంచుమీద జారి, వాగు వంపు దగ్గర గోతిలోకి దిగింది. పిల్లలకు గీత కూడా పడలేదు. మళ్ళీ ఒకసారి జారదామని కూడా అడిగారట. నడిపే ఇర్మా పోస్పిషిల్ మాత్రం ఆ తర్వాత బస్సెక్కలేదు. ఈస్టర్ సెలవులయ్యేలోగా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని బడివాళ్ళు కబురంపారు. మర్నాడు ఇర్మా తన సొంత కారును నత్తలా నడుపుకుంటూ మా షెడ్డుకు వచ్చింది.

"స్టీరింగ్ వణుకుతోంది లాడీ. బస్సుదీ అంతే, దీనిదీ అంతే."

"రెండింటికీ ఒకటే జబ్బా?" అన్నాను నేను. కుచేరా నాకేసి చూసిన చూపుకు వెళ్ళి కాఫీ కలుపుకున్నాను.

ఆయన కారెక్కి బూటు విప్పాడు. ఇద్దరూ ధాన్యం గోదాము దాకా వెళ్ళి తిరిగొచ్చారు. ఇర్మా చేతులు అప్పటికీ వణుకుతూనే ఉన్నాయి.

"ముందు చక్రాలే. మొండి రోగం. రేపు మళ్ళీ చూడాలి" అన్నాడు.

ఆమె చూస్తుండగా చక్రం దగ్గర కూర్చుని సుత్తితో టకటకా కొట్టాడు. ఆమె వెళ్ళాక అడిగాను.

"ఏం చేశావు?"

"సీసపు ముక్క తీశాను."

"తర్వాత?"

"అక్కడే పెట్టాను."

రోజూ ఇదే తంతు. దారి మాత్రం రోజురోజుకీ పొడుగయ్యేది. ఈ ప్రయాణాల్లో ఇంజను ఒక్కసారీ వేడెక్కలేదు. "మీవాడికి జ్వరమా ఏమిటి? కొలాచీలు చల్లారిపోతున్నాయి" అని అడేలా ఫోను చేసింది.

సెలవులు ముగిసేముందు ఒకరోజు వెళ్ళినవాళ్ళు ఎంతకీ రాలేదు. నేను వాకిట్లోకీ లోపలికీ తిరుగుతుంటే కారు మామూలు వేగంతో వచ్చి ఆగింది. ఇర్మా మొహం ఎర్రబడి ఉంది.

"వాగు వంపు దగ్గర వణికిందా?" అన్నాడు కుచేరా, బూటు తొడుక్కుంటూ.

"ఊహూఁ."

"చెప్పానుగా, ముందు చక్రాలేనని."

ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళగానే ఇర్మా నా వైపు వంగి నవ్వింది. "ఆ సుత్తి చక్రానికి ఒక్కసారీ తగల్లేదు బ్లాంచీ. నేలనే కొట్టాడు. మొదటిరోజే చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే కారు దిగిపోతాడుగా."

బడి తెరిచిన రోజు పొద్దున్నే పసుపుపచ్చ బస్సు మా షెడ్డు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల పిల్లల గోల.

"ఏం వణుకుతోంది?" అని కుచేరా కిందినుంచి అరిచాడు.

"ఏమీ వణకట్లేదు. ఊరికే, కాస్త పక్కన కూర్చుంటావని" అంది ఇర్మా.

ఆయన చేతిలోని పానా నాకిచ్చి ఎక్కేశాడు. పిల్లలు చోటిచ్చారు. బస్సు మలుపు తిరిగి వాగువైపు పోయింది.

కాసేపటికి ఒక రైతు ట్రక్కు దిగి, టోపీ సర్దుకుంటూ లోపలికి వచ్చాడు.

"కుచేరా ఏడీ?"

"బడికెళ్ళాడు. కూర్చో, కాఫీ ఇస్తాను" అన్నాను.