ఫోటోలోని బడికి కొలతలు

తాపీ పనిలో నా అంతవాడు గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో లేడని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. డెబ్భైల చివర్లో మా సైటుకు అమెరికా నుంచి ఒక నల్లజాతి ఇంజినీరు వచ్చాడు. ఆయనకు కాస్త హిందీ వచ్చు, నాకు కాస్త ఇంగ్లీషు వచ్చు. గోడల గురించి మాట్లాడుకోవడానికి ఆ మాత్రం చాలు.

ఒక శుక్రవారం సెలవునాడు నన్ను తన గదికి పిలిచి పాత ఫోటో ఒకటి చూపించాడు. ఆయన చదివిన బడి. తెల్లవాళ్ళ బడిలోకి నల్లపిల్లలను రానివ్వని కాలంలో, ఆ ఊరి నల్లవాళ్ళు చందాలు వేసుకుని, తామే ఇటుకలు మోసి కట్టుకున్నారట. ఇటీవలి గాలివానకు బడి ముందరి గోడ కూలిపోయింది. ఎలా ఉండేదో అలాగే మళ్ళీ లేపాలని ఊళ్ళో పట్టుబట్టారు. దానికి నక్షా అంటూ ఏనాడూ లేదు. గీసిచ్చే భారం ఈయన మీద పడింది.

“ఫోటో చూసి ఎత్తు చెప్పగలవా మేస్త్రీ?”

“తప్పితే మీసం తీసేస్త సాబ్,” అన్నాను.

మేస్త్రీ కంటికి గోడ ఎత్తంటే ఇటుక వరసల లెక్కే. భూతద్దం పెట్టి చూస్తే అరవై వరసలు తేలాయి. పదిహేడున్నర అడుగులని చెప్పేశాను. ఆయన గీసి చూసి తల అడ్డంగా ఊపాడు.

“మా టీచరమ్మ చెయ్యెత్తితే కిటికీ పై అంచు అందేది. నీ గోడలో అందదు.”

అప్పుడు వెలిగింది. నేను లెక్క కట్టింది మా కరీంనగర్ బట్టీ ఇటుకతో! వాళ్ళ ఇటుక ఎంత మందమో అడగనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దమనిషి, మీసం మాట ఎత్తలేదు.

ఆయన ఉత్తరం రాస్తే, ఊరివాళ్ళు కూలిన గోడలోని ఇటుకనే పార్శిల్ చేశారు. మన ఇటుక కంటే పలచన. తాపీతో తడితే ఖంగుమంది. ఎవరు కాల్చారో గాని, మొనగాళ్ళు. మళ్ళీ లెక్క కడితే పదమూడు అడుగుల చిల్లర వచ్చింది. టీచరమ్మ చెయ్యి కిటికీ అంచుకు సరిగ్గా అందింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

నక్షా చుట్టి పెడుతూ, “నువ్వెక్కడ చదివావు?” అని అడిగాడు.

మా ఊరి బడిలో మా వాడ పిల్లలు అరుగు కింద ఎండలో కూర్చోవాలి. అది చూడలేక మా నాన్న మట్టి తొక్కి, వాడలోనే ఒక కొట్టం లేపాడు. నాలుగు అక్షరాలు అక్కడే వచ్చాయి. మా కూలీల క్యాంపులో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవాలంటే చిన్నతనంగా ఉండేది. ఆయనకు మాత్రం చెప్పాను.

“ఫోటో గీటో ఏం లేదు సాబ్. ఎన్నడో వానలకు కరిగిపోయింది.”

ఆయన కొత్త కాగితం పరిచాడు. పెన్సిలు చెక్కుకుని నా వైపు చూశాడు.

“యల్లా మేస్త్రీ, కానివ్వు. ఎన్ని వరసలు?”

మట్టిగోడకూ వరసలుంటాయి. ఒకటి పెట్టి, ఆరాక దాని మీద ఇంకొకటి.

“ఐదు సాబ్,” అన్నాను, ఛాతీ విరుచుకుని. “ఐదుకు ఐదు మా నాయిన పెట్టినయే.”