ఇంజను ముందు గుమ్మడికాయ

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కంటే నడుము నిటారుగా ఉండటమే ముఖ్యంగా తోచేది. మాది ఒకప్పటి జమీందారీ వంశం. కెనడా చేరేనాటికి దానిలో మిగిలింది నా నడక ఒక్కటే. విండ్సర్‌లో ఉండే మా అక్క భర్త ఎవరినో బతిమాలి, ఒకప్పుడు ఆవిరి రైలింజన్లు తయారైన పాత కార్ఖానాల పేటలో, అక్కడ మిగిలిన ఒకే ఒక్క ఇంజనును సందర్శకులకు చూపించే పని ఇప్పించాడు. "ప్రొబేషన్‌లో ఉన్నావ్ బామ్మర్దీ. ఈ జాబ్ పోతే మళ్ళీ నా బేస్‌మెంటే గతి. నీ జమీందారీ అక్కడ చూపించకు" అని ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు.

అక్టోబరులో ఇంజనుకు కొత్త రంగు వేసి పేటవాళ్ళందరినీ పిలిచారు. ఆ రోజే విజయదశమి. మా ఇంట్లో యంత్రాలకు దిష్టి తీయడం పెద్దకొడుకు హక్కు. (కార్లన్నీ పోయాక మా నాన్నగారు అమ్మ కుట్టుమిషను ముందు అంతే గంభీరంగా గుమ్మడికాయ కొట్టేవారు.) అంత ఇంజనును దిష్టి తీయకుండా జనం ముందు నిలబెట్టడం నాకు సహించలేదు. మెట్ల మీద అలంకారంగా పెట్టిన గుమ్మడికాయల్లో మా వంశమర్యాదకు తగిన పెద్దకాయను ఎంచుకుని, దిష్టి తిప్పి, నేలకేసి కొట్టాను. గింజలు ముందువరుస అతిథుల బూట్ల దాకా వెళ్ళాయి.

మా సూపర్‌వైజరు నెమ్మదిగా వచ్చి ముక్కల వైపు చూశాడు. (వాళ్ళ నాన్న ఆ కార్ఖానాలోనే పనిచేశాడు, నేను మనసులో ఆయన్ని బాయిలర్ తాత అనుకునేవాణ్ణి.) వేసవంతా పెరట్లో ఆయన పెంచిన కాయట అది. మధ్యాహ్నం పెద్ద గుమ్మడికాయల పోటీకి వెళ్ళాలట.

"ఎందుకు?" అన్నాడు.

"ఇంజనుకు చెడు చూపు తగలకుండా."

వంగి ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "అయిపోయిందా, ఇంకా ఉందా?"

"చక్రాల కింద ఈ నిమ్మకాయలు నలగాలండి."

"ఇది కదలడం మా నాన్న రోజుల్లోనే ఆగిపోయింది" అని నా చేతిలోని నిమ్మకాయలు తీసి జేబులో వేసుకున్నాడు. "టీలోకి పనికొస్తాయి. నీ ఉద్యోగం ఉంటుంది. వచ్చే ఏటి కాయ మాత్రం నువ్వే పండించాలి."

సాయంత్రం బావ ఫోన్. "పోయిందా జాబ్?"

"లేదు. వ్యవసాయం కూడా కలిపారు."

పొలాలున్న రోజుల్లో కూడా మా వంశంలో మట్టి ముట్టినవాడు లేడు. మరుసటి వేసవి నేను ఇస్త్రీ చొక్కాతో బాయిలర్ తాత పెరట్లో కలుపు తీశాను. కాయ కొబ్బరికాయంత అయింది. ఆయన దాన్నే పోటీకి మోసుకెళ్ళి, బస్తాలంత కాయల మధ్య పెట్టి, "మావాడు పండించాడు" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. నేను తలవంపులుగా భావించి, పక్కన కొయ్యబారి నిలబడ్డాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న ఆ రోజు తీసిన ఫోటోలో నా మొహం చూశాను. మా తాతముత్తాతల చిత్రపటాల్లో ఒక్కరి మొహంలోనూ అంత సంతోషం లేదు.