ఊఁ అన్నంత మాత్రాన విన్నట్టు కాదు

2023 వేసవి. గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు మీది మేడలో నా కౌన్సెలింగ్ సెంటర్. ఆ రోజు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ళది నేత చీరల హోల్‌సేల్ షాపు. తమ్ముడు మురళికి ముప్పై ఆరేళ్ళు. డాక్టరుగారు ఏడీహెచ్‌డీ అని తేల్చి, వినడం, మాట్లాడడం మెరుగుపడాలని నా దగ్గరికి పంపారు. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాసని ఒకచోట నిలపడంలో మెదడుకి చిన్నప్పటి నుంచీ ఉండే ఇబ్బంది. బద్ధకం కాదు, పొగరు అసలే కాదు.

అన్నగారు కూర్చోకముందే అందుకున్నారు. "వీడికి చెప్పడం దున్నపోతు మీద వాన కురిసినట్టే మేడమ్. అన్నిటికీ ఊఁ అంటాడు, ఒక్కటీ చెయ్యడు. గన్నవరం పార్టీ పెళ్ళికి మెరూన్ అంచు చీరలు కావాలంటే పచ్చంచువి పంపాడు. ఈ నెల చూస్తా. మారకపోతే కౌంటర్ నుంచి తీసేసి గోడౌన్‌లో కూర్చోబెడతా."

పెళ్ళాం పిల్లలున్న మగాణ్ణి పట్టుకుని పరాయి మనిషి ముందు దున్నపోతంటారా? నాకు ఒళ్ళు మండింది. అన్నగారిని కాసేపు బయట కూర్చోమన్నాను.

"గోడౌన్‌లో మూటల మధ్య నేనుండలేనండీ," అన్నాడు మురళి. "నాకు మనుషులు కావాలి. చీర విప్పి చూపించి నలుగురితో మాట్లాడడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని."

"మరి వినకుండానే ఊఁ ఎందుకంటారు?"

"అనకపోతే పెద్దాళ్ళంటే లెక్కలేదంటారు. చిన్నప్పుడు ఊఁ కొట్టలేదని మా నాన్న మొట్టికాయలేసేవాడు. మూడో మాటకే నా బుర్ర ఎటో పోతుందండీ. నోరు మాత్రం ఊఁ అంటూనే ఉంటుంది."

మన ఇళ్ళల్లో ఊఁ అంటే వింటున్నానని, సరేనని, చేస్తానని కూడా. విన్నదాన్ని కాసేపు బుర్రలో పట్టి ఉంచే శక్తిని వర్కింగ్ మెమరీ అంటాం. అది తక్కువున్నవాళ్ళని ముంచేది ఈ ఊఁయే. అందుకని ముందు దాన్ని మానిపించాను. బదులుగా, ఎదుటివాళ్ళని మధ్యలో ఆపి, "మీరన్నది ఇదేనా?" అని విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. దీన్ని రిఫ్లెక్టివ్ లిజనింగ్ అంటాం. భవానీపురంలో వాళ్ళింట్లో భార్యతో రోజూ ప్రాక్టీసు చేశాడు, పాపం. షాపులో ఆర్డర్లు తప్పడం తగ్గింది.

సంతోషించాల్సిన అన్నగారు ఫోన్‌లో నా మీద ఎగిరారు. "ఏం నేర్పారు మేడమ్ వాడికి? నేను మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపుతున్నాడు. నేనన్నదే మళ్ళీ నాకు అప్పజెప్తున్నాడు. కస్టమర్ల ముందు నాకు వెటకారమా? ఇక గోడౌనే."

వినట్లేదని తిట్టింది వీళ్ళే, వింటుంటే తిట్టేదీ వీళ్ళే. ఇదెక్కడి న్యాయమండీ? ఇద్దరినీ రమ్మన్నాను.

అన్నగారు ఫోన్ చూసుకుంటూనే పది నిమిషాలు దులిపేశారు. అయ్యాక మురళి మెల్లగా అన్నాడు: "అన్నయ్యా, అంటే నా మీద నీకు నమ్మకం లేదు, నేను మనుషులకి కనబడకూడదు అంటున్నావు. ఇదేనా?"

"ఊఁ," అన్నారాయన, ఫోన్ మీంచి చూపు తిప్పకుండా.

"నేనేమన్నానో చెప్పు."

ఆయన తలెత్తారు. "ఏమన్నావురా?"

నేను నోరు మూసుకుని కూర్చున్నాను, చాలా కష్టంగా. మురళి అదే మాట మళ్ళీ చెప్పాడు. ఈసారి ఆయన విన్నారు. మొహం ఎర్రబడింది.

"నమ్మకం లేదని ఎవడన్నాడు?"

"గోడౌన్ అంటే అదేగా అన్నయ్యా."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. "సరే, కౌంటర్‌లోనే ఉండు. జనం ముందు మాత్రం నన్ను ఆపకు."

"ఆపుతాను," అన్నాడు మురళి. "ఆపకపోతే నేను వినలేనన్నయ్యా."

వీళ్ళ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషిని ఒక్కణ్ణే నా దగ్గర దించి, బాగుచేసి పంపమంటే కుదరదంటాను. ఆ మనిషితో మాట్లాడేవాళ్ళు కూడా వచ్చి కూర్చోవాలి. కూర్చోవడానికి టైము లేదనే వాళ్ళే ఎక్కువ. టైము లేని వాళ్ళకి, ఎదుటివాడికి ధ్యాస లేదనే హక్కు ఎవరిచ్చారు?